హనీఫ్ మాస్టారి జాగ్రత్తలు

బందరు ఇనగుదురుపేట హనీఫ్ మాస్టారికి ఎదురుపడ్డ మనిషికి ఒక జాగ్రత్త చెప్పకుండా వదిలే అలవాటు లేదు. "బాగున్నారా మాస్టారూ" అని ఎవరైనా పలకరిస్తే, "బాగానే ఉన్నాను గానీ, ఎండలోంచి వచ్చి వెంటనే నీళ్ళు తాగకు. జాగ్రత్త నంబరు ఇరవై రెండు" అనేవారు. ప్రతి జాగ్రత్తకీ ఒక నంబరు ఉండేది. ఆ నంబర్లకు మాత్రం ఒక వరసా పాడూ ఉండేది కాదు. క్లారినెట్ వాయించే సామ్యేలు ఒక వేసవిలో పట్టుదలగా చిన్న నోటుబుక్కు పెట్టి అవన్నీ రాయడం మొదలుపెట్టాడు. జ్యేష్ఠమాసం వెళ్ళేసరికి పదకొండో నంబరు కింద పందొమ్మిది జాగ్రత్తలు తేలాయి. ఇదేమిటని అడిగితే, "పదకొండు మందిమి ఉన్నాం కదయ్యా, సరిపోవద్దూ" అన్నారు మాస్టారు. లెక్క ఎలా కుదిరిందో సామ్యేలుకి అర్థం కాలేదు. నోటుబుక్కు మూసేశాడు.

ఆ పదకొండు మందీ మాస్టారి పెళ్ళి బ్యాండు. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారురంగు కుచ్చులు, తలల మీద టోపీలు. మిగతా ఏడాదంతా ఎవరి పనులు వాళ్ళు చేసుకున్నా, వైశాఖంలో మొదటి ముహూర్తం పడిందంటే అందరూ మెటాడోర్ వ్యానెక్కాల్సిందే. ఇక నలభై రోజులు ఇవాళ గుడివాడ, రేపు అవనిగడ్డ, ఎల్లుండి నాగాయలంక. రోహిణి కార్తెలో ఆ మందపాటి కోటు తొడుక్కుని, మెడలో డ్రమ్ము వేసుకుని, కరిగిన తారురోడ్డు మీద నడుస్తూ వాయించడమంటే మాటలు కాదు. అలాంటి నలభై రోజుల్ని ఎలా నెట్టుకురావాలో చెప్పడానికే భగవంతుడు తనను పుట్టించాడని మాస్టారి నమ్మకం.

ఆ బ్యాండులో సైడు డ్రమ్ము సత్తయ్యది. తొంభై మూడు నుంచి రెండు వేల సంవత్సరం దాకా మాస్టారి వెంట తిరిగాడు. ఇప్పుడు ఆ రోజులు గుర్తొస్తే అతనికి ముందు నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగానే మనసు చివుక్కుమంటుంది.

ప్రయాణం మొదలయ్యే రోజున మాస్టారు వ్యాను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణీ తనిఖీ చేసి ఎక్కించేవారు. కోటు జేబులో పచ్చి ఉల్లిపాయ ఉండాలి, వడదెబ్బ తగలదు. బూట్లు ఒక సైజు పెద్దవి ఉండాలి, మధ్యాహ్నానికి పాదాలు వాస్తాయి. పెళ్ళివారింట మొదటి బంతిలో కూర్చోకూడదు, మర్యాద కాదు. ఆఖరి బంతిలోనూ కూర్చోకూడదు, కూర ఉండదు. పది రోజులు గడిచేసరికి కోటు జేబుల్లో ఉల్లిపాయలు మగ్గి, పెళ్ళికొడుకు స్నేహితులు బ్యాండుకు పది గజాల దూరంలో నిలబడి డాన్సు చేసేవాళ్ళు. "చూశారా, మీద పడకుండా ఉన్నారు. ఇది కూడా ఆ జాగ్రత్త మహిమే" అనేవారు మాస్టారు. ఇక ఆ పెద్ద బూట్లతో పదకొండు మంది నడుస్తుంటే టకటకమని చప్పుడు. పాట లేనప్పుడు కూడా ఊరికి బ్యాండు వస్తోందని తెలిసిపోయేది.

వ్యానులో కూర్చోవడానికి కూడా ఒక పద్ధతి చెప్పారు. పొద్దున బందరు నుంచి దివిసీమ వైపు దిగేటప్పుడు ఎండ ఎడమ పక్క పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కూడా ఎడమ పక్కే. కాబట్టి అందరూ ఎప్పుడూ కుడి పక్కనే కూర్చోవాలి. పదకొండు మందీ, పెద్ద డ్రమ్మూ కుడి పక్కకే సర్దుకున్నాక చల్లపల్లి మలుపులో డ్రైవరు అప్పయ్య బండి ఆపేశాడు.

"మాస్టారూ, బండి కుడికి ఒరిగిపోతోందండీ. కాలవలో పడతాం."

మాస్టారు కాసేపు ఆలోచించారు. "అయితే నువ్వు ఎడమ పక్కకి జరిగి కూర్చుని నడుపు" అన్నారు.

చివరికి ఎడమ పక్కన ఎవరూ కూర్చోలేదు. బ్యాండు కోట్ల ట్రంకుపెట్టెలన్నీ అటు పేర్చి బరువు సరిచేశారు.

పాటల మధ్యలో బెల్లం సంగతి ఇంకా విచిత్రం. ప్రతి మూడు పాటలకూ ఊరేగింపు ఆపి, అందరూ ఒక బెల్లంముక్క నోట్లో వేసుకుని గ్లాసెడు మజ్జిగ తాగాలి. గుడివాడలో నాగభూషణరావు గారని ఒక రైసు మిల్లు యజమాని కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు జీపు మీద కూర్చుని, వీధి మొదట్లోంచి మండపానికి బయల్దేరాడు. మూడో పాట అవుతూనే బ్యాండు ఆగిపోయింది. పదకొండు మందీ జేబుల్లోంచి బెల్లం పొట్లాలు తీశారు. నాగభూషణరావు గారు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చారు.

"ఇదేమిటయ్యా, ముహూర్తం టైమవుతుంటే నడివీధిలో ఫలహారమా?"

"రెండే నిమిషాలండీ. పెళ్ళికూతురు తండ్రులకి కూడా ఒక జాగ్రత్త ఉంది. ముప్పై ఆరు. మీరు పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు."

ఆయన నిజంగానే ఏమీ తినలేదు. ఏం చెయ్యాలో తోచక, మాస్టారు చేతిలో పెట్టిన బెల్లంముక్క నోట్లో వేసుకున్నారు. మజ్జిగ కూడా తాగారు. ఆ తర్వాత ముహూర్తం దాకా మూడు పాటలకొకసారి ఆయనే వచ్చి, "బెల్లం వేళ అయింది కదయ్యా" అని గుర్తుచేశారు.

సత్తయ్యకు అన్నిటికన్నా నవ్వు తెప్పించేవి డ్రమ్ము జాగ్రత్తలు. సైడు డ్రమ్ము వాయించేవాడితో వెనక నుంచి ఎవరూ మాట్లాడకూడదు. ఎడమ పక్క నుంచీ మాట్లాడకూడదు. చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి చెప్పాలి. ఎందుకూ అంటే, డ్రమ్ము ఎడమ తుంటి మీద వేలాడుతుంది గనక అటు నుంచి చెప్పిన మాట డ్రమ్ములో పడి నలిగిపోతుందట. ట్రంపెట్ వాళ్ళు, తాళాల అయ్యప్ప, ఆఖరికి కాఫీ ఇవ్వడానికి వచ్చిన పెళ్ళివారు కూడా సత్తయ్య చుట్టూ ప్రదక్షిణం చేసి కుడి పక్క చేరేవాళ్ళు.

రెండోది ఎర్ర జేబురుమాలు. పాట మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా, జోరు పెంచాలన్నా మాస్టారు నోటితో చెప్పేవారు కాదు. బ్యాండుకు ఎదురుగా నిలబడి, రుమాలు ఊపుతూ, వెనక్కి నడుస్తూ వెళ్ళేవారు. లోకానికంతా జాగ్రత్తలు చెప్పే మనిషి ఊరేగింపు పొడుగునా వెనక్కి నడవడం చూసి జనం విరగబడి నవ్వేవాళ్ళు. అవనిగడ్డలో ఎద్దుకు గుద్దుకున్నారు. నాగాయలంకలో మిఠాయి బండికి గుద్దుకున్నారు. కోడూరు దగ్గర ఒక పల్లెలో ఏకంగా పంటబోదెలో పడిపోయారు. మనిషి కనిపించలేదు గానీ, గట్టు మీదకి చెయ్యి ఒకటి లేచి రుమాలు ఊపుతూనే ఉంది. బ్యాండు ఆ చేతిని చూసుకుంటూ పాట పూర్తి చేసింది. అప్పుడు లాగారు ఆయన్ని బయటికి. "బోదె పక్కన నడిచేటప్పుడు" అని ఆయన బురద తుడుచుకుంటూ మొదలుపెట్టగానే, "నంబరు ఎంత మాస్టారూ" అని సత్తయ్య అందుకున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా అతనే.

అతను అంత గట్టిగా నవ్వడానికి ఒక కారణం ఉంది. తొంభై అయిదులో పామర్రు దగ్గర ఒక పెళ్ళిలో ఎవరో విసిరిన బాంబు టపాకాయ సత్తయ్య ఎడమ చెవి పక్కనే పేలింది. మూడు రోజులు చెవిలో హోరు. హోరు తగ్గాక చూసుకుంటే, దాంతోపాటు చెవీ పోయింది. డ్రమ్మువాడికి చెముడంటే ఎవరు పిలుస్తారు? ఇంట్లో భార్య బుల్లెమ్మకి కూడా చెప్పలేదు. ఎవరూ కనిపెట్టకుండా ఉండాలని అందరికన్నా ముందు జోకులు వేసేవాడు, అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాడు. ఆ మరుసటి వేసవి నుంచే మాస్టారు డ్రమ్ము జాగ్రత్తలు మొదలుపెడితే, ముసలాయన పిచ్చి తనకు భలే కలిసొచ్చిందని లోలోపల అనుకున్నాడే తప్ప, అంతకు మించి ఒక్క అడుగు ముందుకు ఆలోచించలేదు. అయిదేళ్ళు ఆలోచించలేదు.

రెండు వేల సంవత్సరం వేసవిలో మోపిదేవిలో పగటి పెళ్ళి ఒకటి వాయించారు. పెళ్ళయ్యాక సత్రంలో బంతి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు అయ్యప్ప అడిగాడు, "సత్తయ్య బావా, ఒకసారి మాస్టార్ని చేసి చూపించవా" అని. సత్తయ్య లేచాడు. జేబులోంచి తువ్వాలు తీశాడు. ఊపుతూ, వెనక్కి నడుస్తూ, "జాగ్రత్త నంబరు నూట పద్నాలుగు, పెళ్ళికొడుకు తాళి కట్టేటప్పుడు ఊపిరి పీల్చుకోవాలి" అన్నాడు. ఎద్దును గుద్దుకున్నాడు. బోదెలో పడ్డాడు. నేల మీద పడుకుని తువ్వాలు ఊపాడు. పెళ్ళివారు కూడా చేరి నవ్వుతున్నారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. సత్తయ్య తల తిప్పి చూస్తే గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు.

మాస్టారు మెల్లిగా అతని కుడి పక్కకు వచ్చి, "చెయ్యి ఇంకొంచెం పైకెత్తాలి సత్తయ్యా. వెనకవాళ్ళకి కనపడదు" అన్నారు.

తిట్టి ఉంటే సత్తయ్య ఆ రోజే కాళ్ళ మీద పడి ఉండేవాడు. తిట్టలేదు కాబట్టి ఆయన మొహం చూడలేకపోయాడు. చూడలేనివాడికి కోపం తెచ్చుకోవడం తేలిక. గుడివాడలో నరేంద్ర అనే కుర్రవాడు కొత్తగా కీబోర్డు బ్యాండు పెట్టాడు. ట్రాలీ మీద స్పీకర్లు, మైకులో పాట, పక్కన ఒక డ్రమ్ము. రమ్మని రెండుసార్లు కబురు పెట్టి ఉన్నాడు. మర్నాడు పొద్దున సత్తయ్య కోటు మడతపెట్టి అప్పయ్య చేతికిచ్చి గుడివాడ బస్సెక్కేశాడు. సీజను మధ్యలో. మాస్టారితో ఒక్క మాట చెప్పలేదు.

నరేంద్ర బ్యాండులో జాగ్రత్తలు లేవు. ఉల్లిపాయ లేదు, బెల్లం లేదు, వెనక్కి నడిచే మనిషి లేడు. స్పీకర్ల హోరులో ఎవరు ఏం చెబుతున్నారో సత్తయ్యకు తెలిసేది కాదు. మిగతావాళ్ళ చేతులు చూసి ఎలాగో నెట్టుకొచ్చాడు. మూడో వారంలో గుడివాడలోనే ఒక ఊరేగింపు. దారిలో ఒక ఇంట్లో ముందురోజే మనిషి పోయారు. అలాంటి ఇంటి ముందు బ్యాండు ఆపి నిశ్శబ్దంగా దాటడం ఎక్కడైనా ఉన్నదే. నరేంద్ర వెనక నుంచి, ఎడమ పక్క నుంచి, "ఆపండి" అన్నాడు. కీబోర్డు ఆగింది. పాట ఆగింది. జనం ఆగారు. సత్తయ్య డ్రమ్ము ఆగలేదు. తల వంచుకుని, మంచి జోరు మీద, ఆ ఇంటి గుమ్మం ముందు ఒక్కడే వాయిస్తున్నాడు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మెల్లిగా తలెత్తి చూశాడు. ఆ చూపు తగిలాక గానీ సత్తయ్య చేతులు ఆగలేదు.

"వినపడదా నీకు?" అన్నాడు నరేంద్ర, ఈసారి ఎదురుగా వచ్చి.

అయిదేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. సత్తయ్య దగ్గర దానికి జోకు లేదు. ఆ సాయంత్రమే నరేంద్ర మర్యాదగా, ఇక రావద్దండీ అని చెప్పేశాడు. తప్పు అతనిదీ కాదు.

సత్తయ్య బందరు తిరిగొచ్చి చేపల మార్కెట్లో ఐసు పెట్టెలు దించే పనిలో చేరాడు. మాస్టారి ఇంటికి వెళ్ళాలని రోజూ అనుకునేవాడు. ఇనగుదురుపేట వీధి మొదటి దాకా వెళ్ళి, ఏం మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుని వెనక్కి వచ్చేసేవాడు. అలా ఒక ఏడాది పోయింది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ పోగొట్టుకున్న ఆ ఏడాది గురించి అతను ఇప్పటికీ ఎవరి దగ్గరా మాట్లాడడు.

చివరికి మరుసటి మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం ధైర్యం చేశాడు. తలుపు తీసింది మాస్టారి భార్య షంషాద్.

"రా తమ్ముడూ, ఎన్నాళ్ళకి" అంటూ ఆమె అతని ముందు నుంచి నడిచి వచ్చి కుడి పక్క నిలబడింది.

"మాస్టారు లేరా వదినా?"

"పైన ఉన్నారు. పెంకులు సర్దుతున్నారు."

సత్తయ్య తలెత్తి చూశాడు. నిప్పులు చెరిగే ఎండలో, తల మీద గుడ్డయినా లేకుండా, చెప్పులైనా లేకుండా, రెండు మెట్లు విరిగిన నిచ్చెన చివర మాస్టారు వేలాడుతున్నట్టుగా నిలబడి ఉన్నారు.

"అదేమిటి వదినా, ఈ ఎండలో తలకి ఏమీ లేకుండా. ఉల్లిపాయన్నా జేబులో పెట్టుకున్నారా?"

"ఆయనా? ఆయన సొంతానికి ఒక్క జాగ్రత్త పాటించగా నేను చూడలేదు. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి, తాళం వెయ్యకుండా కోనేరు సెంటరుకి వెళ్ళిపోయారు. ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా నాకు ఒక్క నంబరు చెప్పలేదు."

సత్తయ్య ఆశ్చర్యంతో ఆమె వైపు తిరిగాడు. అతను తిరగగానే ఆమె మళ్ళీ రెండడుగులు వేసి కుడి పక్కకి వచ్చింది. అప్పుడు పట్టింది అతనికి.

"వదినా, మీరు ఈ పక్కకే ఎందుకు వస్తున్నారు?"

"నీకు ఆ పక్క వినపడదు కదా" అందామె, ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు.

సత్తయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ టపాకాయ నీ పక్కన పేలడం ఆయన చూశారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. నువ్వు చెబుతావేమోనని వారం ఎదురుచూశారు. నువ్వు చెప్పలేదు. దాచుకుంటున్నాడు, దాచుకోనీ అన్నారు."

"మరి ఆ బెల్లం?"

"సామ్యేలుకి షుగరు. మాత్రలు వేసుకుని ఎండలో ఊదితే ఉన్న షుగరు కాస్తా పడిపోయి కళ్ళు తిరిగేవి. పిల్లనిచ్చిన మావగారికి తెలిస్తే నామోషీ అని మా ఆయన దగ్గర ఏడ్చాడట."

"బూట్లు?"

"అయ్యప్పకి సొంత బూట్లు లేక వాళ్ళ నాన్నవి వేసుకొచ్చేవాడు. పెద్దవై టకటకలాడేవి. అందరివీ టకటకలాడితే ఇక ఎవరివని తెలుస్తుంది? ఒక్కడికే చెబితే వాడు సిగ్గుపడతాడు, అందరికీ చెబితే నవ్వుతారు, నవ్వితే నన్ను చూసే కదా నవ్వేది అనేవారు."

సత్తయ్య నిచ్చెన వైపు చూస్తూ అడిగాడు, "ఉల్లిపాయ ఎవరి కోసం వదినా?"

"ఉల్లిపాయ నిజంగానే వడదెబ్బకి" అంది షంషాద్.

బ్యాండు సంగతి కూడా ఆమే చెప్పింది. అతను వెళ్ళాక ఇంకో డ్రమ్మువాణ్ణి పెట్టి నాలుగు పెళ్ళిళ్ళు లాగారట. అందరికీ కీబోర్డులే కావాలి. ఆ వేసవితోనే మానేశారు. వాయిద్యాలు ఉయ్యూరు వాళ్ళెవరో పట్టుకెళ్ళారు. సామ్యేలు ఒక కాలేజీలో వాచ్‌మన్‌గా చేరాడు. తను ఉండి ఉంటే ఇంకో రెండు వేసవులు నడిచేదేమో అనుకున్నాడు సత్తయ్య. నడిచేది కాదేమో కూడా. ఆ సంగతి తేల్చుకునే అవకాశం తనే లేకుండా చేసుకున్నాడు.

ఇంతలో మాస్టారు నిచ్చెన దిగి వచ్చారు. మనిషి చిక్కిపోయారు. సత్తయ్యను చూసి మొహమంతా నవ్వు చేసుకుని, నేరుగా వచ్చి అతని కుడి పక్క నిలబడ్డారు. సత్తయ్య ఏడాదిగా మనసులో కూడబలుక్కున్న మాటలు నేల చూపులు చూస్తూ, మెల్లిగా, మర్యాదగా చెప్పాడు. మాస్టారు అతని ముందు నుంచి తిరిగి ఎడమ పక్కకు వెళ్ళి, "ఏమన్నావు?" అన్నారు. అది సత్తయ్యకు వినపడలేదు. ఆయన పెదాలు కదలడం చూసి, తన కుడి చెవి ఆయన వైపు వచ్చేలా అతను అటు తిరిగాడు. ఆయన మళ్ళీ ఇటు తిరిగారు. ముంగిట్లో ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు మూడు చుట్లు తిరిగారు.

"రుమాలు పట్టేదాకా ఏళ్ళ తరబడి పెద్ద డ్రమ్ము పక్కన నిలబడి ఈయనకీ ఎడమ చెవే పోయింది" అంది షంషాద్, నవ్వు ఆపుకుంటూ. "అలా తిరిగితే సాయంత్రమవుతుంది గానీ, ఎదురుగా నిలబడండి ఇద్దరూ."

ఎదురుగా నిలబడ్డారు. ఇక మొహం చూడకుండా చెప్పే దారి లేదు.

"మోపిదేవిలో నేను చేసింది తప్పు మాస్టారూ" అన్నాడు సత్తయ్య.

"ఏంటీ?"

"మోపిదేవిలో నేను చేసింది తప్పండీ. నన్ను క్షమించండి."

"ఆ?"

సత్తయ్య కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఇనగుదురుపేట అదిరేలా అరిచాడు. "తప్పయిపోయింది, నన్ను క్షమించండి."

గోడ అవతల పక్కింట్లోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "పోనీలే బాబూ, అయిందేదో అయిపోయింది. నాకేం కోపం లేదు. ఇంతకీ నువ్వెవరు?"

షంషాద్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. మాస్టారు భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. సత్తయ్య కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"వినపడిందా మాస్టారూ?"

"రెండోసారే వినపడింది."

"మరి మళ్ళీ ఎందుకు అడిగారండీ?"

"డ్రమ్మువాడివి కదా. మూడో దెబ్బ కూడా పడితే గానీ నీకు పాట ముగిసినట్టుండదు" అన్నారు మాస్టారు.

గోడ అవతల పెద్దాయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు, నువ్వెవరు బాబూ అని.